ఇంజను మీది సూచి

పెట్రోలు ఇంజనుకు ముందు వైపున, క్రాంకు షాఫ్టు చివర బిగించిన కప్పీ అంచు మీద సన్నని గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకు ఎదురుగా ఇంజను మూత మీద వ్రేలి గోరంత రేకుముక్క ఒకటి నిలబడి ఉంటుంది. మెకానిక్కులు దీనిని పాయింటర్ అంటారు. మనం సూచి అందాము. పెట్టె మీద అంటించిన చీటీ వలె దీనికి బరువూ లేదు, పనీ లేదు. ఇది ఊడిపోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. కాని సిలిండరులో నిప్పురవ్వ ఏ క్షణాన పడుతున్నదో తెలుసుకొనుటకు మనిషికి దొరికిన ఆధారం చాలాకాలం వరకు ఇదొక్కటే. ఈ ఆధారం తప్పు చెప్పితే ఏమవుతుందో పాత లారీలలో ఇంజనులు మార్చిన వారికి బాగా తెలుసు.

అమెరికాలో షెవ్రోలే కంపెనీ 1947 వేసవిలో యుద్ధానంతరపు కొత్త తరహా లారీలను విడుదల చేసింది. 1955 తొలి నెలల వరకు ఆ తరహా సాగింది. గుండ్రని ముఖమూ, అడ్డకమ్ములూ గల ఆ లారీలు అక్కడ నేటికీ ఎన్నో బ్రతికి ఉన్నాయి. మన దేశానికీ ఈ పేరు కొత్తది కాదు. బొంబాయిలోని సేవ్రీలో జనరల్ మోటార్స్ వారు 1928 నుండి 1954 వరకు షెవ్రోలే కార్లను, లారీలను విడిభాగాల నుండి కూర్చి అమ్మేవారు. లారీ శరీరం డెబ్బది ఏండ్లు నిలిచినా దానిలోని ఇంజను అంతకాలం నిలవదు. అందుచేత పాత 216 ఘనపుటంగుళాల ఇంజనును దించి, తరువాతి కాలపు ఇంజను ఏదో ఒకటి ఎక్కించడం పరిపాటి. ఇంజను కూర్చుంటుంది, గేరుపెట్టె అతుకుతుంది, బండి కదులుతుంది కూడా. టైమింగ్ సరిచూడబోయేసరికి చిక్కు వస్తుంది. పాత ఇంజనుకు గుర్తు వెనుక ఫ్లైవీలు మీద ఉన్నది. కొత్త ఇంజనుకు గుర్తు ముందు కప్పీ మీద ఉన్నది. వెనుక కిటికీలో గీత లేదు, ముందు మూత మీద సూచి లేదు. ఈ చిక్కు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే సుమారు నూట అరవై సంవత్సరాలు వెనుకకు పోవలసి ఉంటుంది.

పారిస్‌లో లెన్వార్ 1860లో చేసిన వాయుయంత్రంలో విద్యుత్ స్ఫులింగంతోనే జ్వలనం జరిగేది. రూంకార్ఫ్ తీగచుట్ట నుండి రవ్వలు పుట్టేవి. కాని ఆ యంత్రంలో వాయువును నొక్కడం అనేది లేదు. పిస్టన్ దాదాపు సగం దూరం పోయేదాకా వాయువును పీల్చడం, తరువాత దానిని అంటించడం, అంతే. అటువంటి యంత్రంలో రవ్వ కొంచెం ముందు పడినా, వెనుక పడినా పెద్ద తేడా కనబడదు. జర్మనీలో ఆటో 1876లో నాలుగు ఘాతాల ఇంజనును చేశాడు. ఇందులో మిశ్రమాన్ని ముందుగా నొక్కి, తరువాత అంటించాలి. ఆయన దీనికి స్ఫులింగం వాడలేదు. జారే కవాటం ద్వారా చిన్న మంటను సిలిండరు లోపలికి అందించేవాడు. నిమిషానికి రెండు వందల చుట్ల లోపు తిరిగే యంత్రానికి అది చాలింది.

డైమ్లర్, మేబాక్ 1883 ప్రాంతాన ఇంజనును నిమిషానికి ఆరు వందల చుట్ల దాకా పరుగెత్తించారు. ఎర్రగా కాల్చిన సన్నని గొట్టం ఒకటి సిలిండరుకు తగిలించి ఉండేది. నొక్కబడిన మిశ్రమం ఆ గొట్టంలోకి చొరబడినప్పుడు అంటుకొనేది. ఎప్పుడు అంటుకోవాలో ఆజ్ఞాపించే అవకాశం ఇందులో లేదు. గొట్టం కాక, మిశ్రమపు పాలు, గాలి చలువ అన్నీ కలిసి ఆ క్షణాన్ని నిర్ణయించేవి. అదే కాలంలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రాల బండికి బ్యాటరీని, అదురుతీగ చుట్టను వాడాడు. జ్వలనమే అన్ని సమస్యలలోకి పెద్ద సమస్య అన్న అభిప్రాయం బెంజ్‌ది. ఆ రోజులలో ఇంజనులు చేసిన వారెవరైనా దానికి తల ఊపియే ఉందురు.

స్ఫులింగం పడిన వెంటనే మంట సిలిండరంతా నిండదు. గడ్డివాముకు ఒక మూల నిప్పంటుకొని పాకినట్లు అది పాకుతుంది. ఈ పాకుడుకు సెకనులో వెయ్యవ వంతులు రెండు పట్టునని అనుకుందాము. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే సెకనుకు 6000 డిగ్రీలు తిరిగినట్లు. రెండు వెయ్యవ వంతులలో 12 డిగ్రీలు తిరుగుతుంది. అదే 3000 చుట్ల వేగంలో 36 డిగ్రీలు. వేడి వాయువు పిస్టన్‌ను నెట్టవలసింది అది పైకి చేరి క్రిందికి మళ్ళిన కొద్దిసేపటికి గనుక, రవ్వ పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పడాలి. వేగం పెరిగినకొద్దీ మరింత ముందుగా పడాలి. నిజానికి వేగంతోపాటు సిలిండరులో సుడులు హెచ్చి మంట కూడా త్వరగా పాకుతుంది. అందుచేత లెక్కలో వచ్చినంత తేడా అవసరం లేదు. కాని కొంత తేడా మాత్రం తప్పదు.

ఈ ‘ముందు’ అనే మాటలోనే ప్రమాదమున్నది. హేండిలు త్రిప్పి ఇంజనును లేపే రోజులలో రవ్వ మరీ ముందుగా పడితే, ఇంకా పైకి రావలసిన పిస్టన్‌ను మంట క్రిందికి త్రోసేది. ఇంజను ఎదురు తిరిగి హేండిలు వెనుకకు తన్నేది. త్రిప్పేవాని మణికట్టు విరిగేది. 1908 నుండి 1927 వరకు ఫోర్డ్ కంపెనీ ఒకటిన్నర కోట్లు చేసి అమ్మిన మోడల్ టి బండిలో స్టీరింగు క్రింద ఎడమవైపున ఒక మీట ఉండేది. అది స్ఫులింగాన్ని ముందుకో వెనుకకో జరిపే మీట. బండి లేపేటప్పుడు దానిని వెనుకకు జరిపి, లేచిన తరువాత ముందుకు లాగాలి. ఏటవాలు ఎక్కేటప్పుడు ఒక తీరు, చదును బాటలో మరొక తీరు. నేర్పుగల డ్రైవరు కన్ను బాట మీద, చెవి ఇంజను మీద, చేయి ఈ మీట మీద ఉంచేవాడు. మీట లారీ డ్రైవరు చేతిలో ఉన్నంతకాలం సూచితో ఎవరికీ పని లేదు. ఇంజను ధ్వనియే సూచి.

ఈ చేతిపనిని యంత్రానికి అప్పగించడానికి రెండు దారులలో కృషి జరిగింది. జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మాగారం వారు 1897లో డి డియోన్-బూటోన్ మూడు చక్రాల బండికి మాగ్నెటోను అమర్చారు. ఆ చిన్న ఇంజను ఆనాటికి అసాధారణమైన వేగంతో, నిమిషానికి పదిహేను వందల చుట్లు దాటి తిరిగేది. 1902లో అదే కర్మాగారపు ఇంజనీరు గోట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును తయారుచేశాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ చేసిన బ్యాటరీ జ్వలన పద్ధతి 1910 నమూనా కాడిలాక్ కార్లలోకి వచ్చింది. కాంటాక్ట్ పాయింట్లు, తీగచుట్ట, డిస్ట్రిబ్యూటరు గల ఈ పద్ధతి అటుపైన అరవై ఏండ్లకు పైగా దాదాపు అన్ని పెట్రోలు బండ్లలో సాగింది. కెటరింగే చేసిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనాలో వచ్చి, హేండిలును మూలకు పంపింది. డిస్ట్రిబ్యూటరు లోపల తిరిగే చిన్న బరువులు వేగం పెరిగినప్పుడు అపకేంద్ర బలంతో విచ్చుకొని రవ్వను ముందుకు జరిపేవి. తరువాత శూన్యంతో పనిచేసే పొర ఒకటి చేరి, ఇంజను మీది భారాన్ని బట్టి కూడా సవరించేది.

ఇక మిగిలింది మొదటి అమరిక ఒక్కటే. బరువులు ఎంత జరుపునో వాటికి తెలుసు, కాని ఎక్కడ నుండి జరపాలో వాటికి తెలియదు. అది మనిషి డిస్ట్రిబ్యూటరును చేత త్రిప్పి బిగించవలసిన సంగతి. ఆ బిగింపుకు గుర్తు కావాలి. సూచి పుట్టింది ఇక్కడ.

గుర్తు ఎక్కడ పెట్టాలన్న దానిపై కంపెనీలు ఏకాభిప్రాయానికి రాలేదు. దేని సౌకర్యం దానిది. ఫోర్డ్ వారి తొలి వి-8 ఇంజనులో, అనగా 1932 నుండి 1948 వరకు, డిస్ట్రిబ్యూటరు కామ్ షాఫ్టు కొసకు నేరుగా బిగిసి ఉండేది. దానిని ఊడదీసి బల్ల మీద ప్రత్యేక సాధనంతో సరిచేసేవారు. ఇంజను మీద గీతతో పని లేదు. 1949లో డిస్ట్రిబ్యూటరును మార్చిన తరువాతనే కప్పీ మీద గుర్తు, దాని ఎదుట సూచి వచ్చాయి. మన అంబాసిడరు కారులో చిరకాలం నడిచిన బ్రిటిష్ జాతి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు సూచులు ముందు మూత అడుగున ఉండేవి. పొడుగుది పిస్టన్ ఊర్ధ్వస్థానానికి, పొట్టివి 5, 10 డిగ్రీలకు. వాటిని చూడాలంటే బండి క్రిందికి దూరడమో, చేతి అద్దం పట్టుకోవడమో చేయవలసివచ్చేది.

షెవ్రోలే ఆరు సిలిండర్ల ఇంజనుకు మాత్రం గుర్తు వెనుక ఉండేది. ఫ్లైవీలు అంచులో చిన్న ఉక్కు గుండును కొట్టి పొదిగేవారు. స్టార్టరు మోటారు దగ్గర ఫ్లైవీలు తొడుగులో చిన్న కిటికీ, దానికి సూచి ఉండేవి. ఊర్ధ్వస్థానానికి 5 డిగ్రీలు ముందుగా ఆ గుండు సూచి ఎదుటకు వస్తుంది. డిస్ట్రిబ్యూటరు దగ్గర మరొక కొలబద్ద ఉండి, పెట్రోలు రకాన్ని బట్టి పది డిగ్రీల వరకు అటో ఇటో జరుపుకొనే వీలుండేది. నాసిరకం పెట్రోలు పోస్తే ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు టకటకలాడుతుంది. అప్పుడు రవ్వను కొంచెం వెనుకకు జరపాలి. మిడ్జ్‌లీ 1921లో సీసపు సమ్మేళనంతో ఈ టకటకను మాన్పించే ఉపాయం కనుగొన్నాడు. ఆ సీసపు విషాన్ని పెట్రోలు నుండి తొలగించుటకు ప్రపంచానికి ఎనభై ఏండ్లకు పైగా పట్టింది. మన దేశంలో 2000లో, అందరికన్న చివరగా అల్జీరియాలో 2021లో అది ఆగిపోయింది. పాత పుస్తకాలలోని అంకెలు పాత పెట్రోలుకు చెప్పినవని మరువరాదు.

తిరిగే చక్రం మీది గుండును కన్ను ఎట్లా చూస్తుందని విద్యార్థి అడగవచ్చు. ఆస్ట్రియాలో స్టాంఫర్, బెల్జియంలో ప్లాటో అనే శాస్త్రజ్ఞులు 1832లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీనికి మార్గం చూపారు. తిరిగే వస్తువు అదే స్థానానికి వచ్చిన ప్రతిసారి ఒక్క క్షణం మాత్రమే దానిని చూపిస్తే, అది కదలక నిలిచినట్లు కనబడుతుంది. నియాన్ దీపాన్ని ఒకటవ నంబరు ప్లగ్గు తీగకు కలిపితే, ఆ ప్లగ్గులో రవ్వ పడినప్పుడెల్లా దీపం మెరుస్తుంది. నాలుగు ఘాతాల ఇంజను నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంటే, ఆ ప్లగ్గులో రెండు చుట్లకొక రవ్వ, అనగా నిమిషానికి 250 మెరుపులు. ప్రతి మెరుపులో గుండు అక్కడే ఉంటుంది. చక్రం తిరుగుతూనే ఉన్నా కంటికి గుండు కిటికీలో నిలిచిపోతుంది. డిస్ట్రిబ్యూటరును కాస్త త్రిప్పితే గుండు కూడా ప్రక్కకు జరుగుతుంది.

ఈ ఏర్పాటు అంతా ఒకే కర్మాగారంలో ఒకే ఇంజనుగా పుట్టిన భాగాల మధ్య చేసుకొన్న ఒప్పందం. వాటిని విడదీసినప్పుడు ఒప్పందం చెడుతుంది. 1947 లారీలోకి 1955లో వచ్చిన షెవ్రోలే వి-8 జాతి ఇంజనును ఎక్కించారనుకుందాము. ఈ ఇంజనుకు గుర్తు ముందు ఉన్న బరువైన కంపనశోషక చక్రం మీద ఉంటుంది. 1968 వరకు వచ్చిన చక్రాలలో ఆ గీత చీలగాడికి 2 డిగ్రీల దూరాన ఉండగా, 1969 నుండి 10 డిగ్రీల దూరానికి మారింది. దానికి తగినట్లు సూచి చోటూ మారింది. చక్రం ఒక కాలపుది, సూచిగల మూత మరొక కాలపుది అయితే 8 డిగ్రీల తేడా వస్తుంది. 8 అంగుళాల వ్యాసం గల చక్రం అంచున ఒక డిగ్రీ సుమారు 1.77 మిల్లీమీటర్లు, కాబట్టి గీత తన చోటు నుండి 14 మిల్లీమీటర్లు తప్పిపోయినట్లు. కంటికి అంతా సవ్యంగానే కనబడుతుంది. దీపం పెడితే గీత సూచి ఎదుట చక్కగా నిలుస్తుంది. ఇంజను మాత్రం ఒక ప్రక్క తప్పితే వేడెక్కి నీరసంగా లాగుతుంది, మరొక ప్రక్క తప్పితే టకటకలాడి పిస్టన్‌ను తినివేస్తుంది. గీత లేకపోవడం కన్న తప్పుడు గీత ఉండడమే ప్రమాదకరమని వేరే చెప్పనక్కరలేదు. పైగా ఈ చక్రపు బయటి వలయం లోపలి బొడ్డుకు రబ్బరుతో అతికి ఉంటుంది. రబ్బరు ముసలిదైతే వలయం కొంచెం కొంచెంగా జారుతుంది. అప్పుడు సరియైన సూచి, సరియైన చక్రం రెండూ ఉన్నా అబద్ధమే చెబుతాయి.

అందుచేత సరియైన సూచి ఏదని కేటలాగులు వెదకడం కన్న పిస్టన్‌నే అడగడం మేలు. పిస్టన్ నిజంగా పైకొసన ఉన్నప్పుడు గీత ఎక్కడ ఉన్నదో చూస్తే చాలును. కాని ఇదీ అనుకొన్నంత సులభం కాదు. 1950ల షెవ్రోలే 235 ఇంజనులో పిస్టన్ పోకడ 100 మిల్లీమీటర్లు, అనగా క్రాంకు వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు. కనెక్టింగ్ రాడ్డు పొడవు దానికి నాలుగు రెట్లు ఉన్నదనుకొని లెక్కవేస్తే, పైకొస నుండి క్రాంకు ఒక డిగ్రీ తిరిగినప్పుడు పిస్టన్ దిగేది మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే. 5 డిగ్రీలు తిరిగినా పావు మిల్లీమీటరుకు మించదు. ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి ‘ఇదే పైకొస’ అని నిర్ణయించేవాడు 5 డిగ్రీలు తప్పినా అతనికి తెలియదు. ఎగురవేసిన బంతి పైకొసన క్షణకాలం ఆగినట్లుండడం విద్యార్థులు ఎరిగినదే.

ఈ చిక్కును విడదీసే ఉపాయం మన ఖగోళ గ్రంథాలు చదివినవారికి పరిచితమైనదే. మధ్యాహ్నం సూర్యుడు సరిగా ఎప్పుడు శిఖరాన ఉన్నాడో శంకువు నీడను చూచి చెప్పడం కష్టం. ఆ సమయాన నీడ పొడవు మారీ మారనట్లుంటుంది. అందుకని సూర్యసిద్ధాంతంలో శంకువు చుట్టూ ఒక వృత్తం గీయమన్నారు. పూర్వాహ్ణం నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, అపరాహ్ణం మళ్ళీ తాకిన చోట మరొక గుర్తు పెట్టి, వాటి ఆధారంగా దిక్కులను సాధిస్తారు. శిఖరాన్ని నేరుగా చూడక, దానికి రెండు ప్రక్కల సమాన దూరాలను చూచి నడిమిని తీయడం ఇందులోని కీలకం.

మెకానిక్కు చేసేదీ ఇదే. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీస్తాడు. ఒకటవ ప్లగ్గు తీసి, దాని చోట లోపలికి చొచ్చుకువచ్చే బోల్టు గల ఖాళీ ప్లగ్గు గొట్టాన్ని బిగిస్తాడు. కంపనశోషక చక్రం ప్రక్కన ఏదో ఒక బోల్టుకు తీగముక్క కట్టి తాత్కాలికపు సూచిగా వంచుతాడు. తరువాత ఇంజనును స్టార్టరుతో కాక చేతితో, మెల్లగా, పిస్టన్ బోల్టుకు తగిలేవరకు త్రిప్పుతాడు. తగిలిన చోట చక్రం మీద సుద్దతో గుర్తు. వెనుకకు త్రిప్పి మళ్ళీ తగిలేవరకు వస్తే మరొక గుర్తు. ఈ రెండు గుర్తుల సరియైన నడుమనే పిస్టన్ పైకొస. పైకొసకు 30 డిగ్రీల దూరాన బోల్టు తగులుతుంటే అక్కడ పిస్టన్ ఒక డిగ్రీకి సుమారు అర మిల్లీమీటరు కదులుతున్నది. పైకొసన కదిలిన దానికి ఇది యాభై రెట్లు. పొరపాటుకు తావు అంత తక్కువ. బోల్టు ఎంత పొడవున్నదన్న చింత కూడా లేదు, రెండు ప్రక్కల అదే బోల్టు గనుక.

నడిమి గీత దొరికిన తరువాత మిగిలింది అంకగణితమే. చక్రం చుట్టుకొలతను 360 చేత భాగించి, కావలసిన డిగ్రీలతో గుణించి, అంత దూరాన తిరిగే దిక్కుకు ముందు వైపున మరొక గీత గీయాలి. 8 అంగుళాల చక్రానికి 10 డిగ్రీలంటే 17.7 మిల్లీమీటర్లు. కాగితపు పట్టీ మీద ముందుగా గీసుకొని చక్రానికి అంటిస్తే చేయి వణకినా తప్పు రాదు. ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. సూచి ఏ చోట ఉండాలన్న నియమం ఏదీ లేదు. కుడి ప్రక్కనైనా, పైననైనా, మెకానిక్కు కంటికి అందే ఏ చోటనైనా ఉండవచ్చు. గీత దానికి తగినట్లు ఉండడమే కావాలి. కంపెనీవారి సూచి దొరకలేదని నెలలకొద్దీ పాత సామానుల దుకాణాలు తిరిగేవారు ఈ సంగతిని ఎరిగియుంటే ఎంతో శ్రమ తప్పేది.

ఒక జాగ్రత్త మాత్రం మిగిలి ఉన్నది. నాలుగు ఘాతాలకు క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది గనుక పిస్టన్ రెండు సార్లు పైకి వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, మరొకసారి పొగను వెడలగొడుతూ. గీత రెండుసార్లూ సూచి ఎదుటికే వస్తుంది. ఆరు సిలిండర్ల షెవ్రోలేలో రవ్వలు పడే వరుస 1-5-3-6-2-4. ఒకటవ, ఆరవ పిస్టన్లు జంటగా పైకి వస్తాయి. కాబట్టి డిస్ట్రిబ్యూటరు దించి మళ్ళీ కూర్చేటప్పుడు ప్లగ్గు రంధ్రం మీద బొటనవ్రేలు ఉంచి, గాలి వ్రేలిని పైకి నెట్టేది ఏ చుట్టులోనో చూసుకోవాలి. ఈ పరీక్షకు సాధనం అక్కరలేదు, ఏ పుస్తకమూ అక్కరలేదు. దీనిని మరచినవాడు ఇంజనును లేపబోతే కార్బురేటరు నుండి మంటతో కూడిన తుమ్ము ఒకటి వస్తుంది, లారీ లేవదు.

1970ల తరువాత కాంటాక్ట్ పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చాయి. ఆ తరువాత క్రాంకు షాఫ్టు మీది పళ్ళచక్రాన్ని అయస్కాంత గ్రాహకం చదివి, చిన్న కంప్యూటరు రవ్వ వేళను తానే నిర్ణయించడం మొదలైంది. ఆ పళ్ళచక్రంలో ఒకటి రెండు పళ్ళు కావాలనే తీసివేసి ఉంటాయి. ఆ ఖాళీ గ్రాహకం ఎదుటికి వచ్చినప్పుడు పిస్టన్ ఎక్కడున్నదో కంప్యూటరుకు తెలుస్తుంది. ఉక్కు గుండుకు బదులు ఖాళీ, కంటికి బదులు అయస్కాంతం.

ఇంజను మారిన పాత లారీలలో వెనుక ఫ్లైవీలు తొడుగుకు ఆ కిటికీ ఇంకా ఉంటుంది. దీపం పెట్టి చూస్తే లోపల చక్రం పళ్ళు తిరుగుతూ కనిపిస్తాయి. గుండు మాత్రం ఉండదు.